ఎండకు పొంగే ఏరు

బ్లాక్‌టౌన్, సిడ్నీ
18 ఏప్రిల్ 1999

తాజుద్దీన్ గారికి,

ముప్ఫయ్యెనిమిదేళ్ళ తర్వాత నా దస్తూరీ గుర్తుపడతారో లేదో తెలియదు. ఫోను చెయ్యవచ్చు గదా అనుకోవచ్చు. మీ గొంతు వినే ఉద్దేశం నాకు లేదు. కాగితం మీద అవతలి మనిషి మాటకు అడ్డు రాడు. కాగితంలో ఉన్న సుఖం అదొక్కటే.

మీ ఊరి తెలుగు సంఘంవారి ఉగాది సంచిక ఎవరో మా ఇంటికి పంపారు. సగం ఇళ్ళ అమ్మకాల ప్రకటనలు. మిగిలిన సగంలో, డిసెంబరు ముప్ఫయ్యొకటిన లోకంలోని కంప్యూటర్లన్నీ కళ్ళు తేలేస్తాయా లేదా అని ఇద్దరు కుర్రవాళ్ళ వాదన. వాళ్ళ తెలుగు ఇప్పటికే కళ్ళు తేలేసింది. వాటి మధ్య 'నిశ్శబ్దపు లోయలో పదకొండు రోజులు' అని ఒక వ్యాసం. రాసినవారు 'బాటసారి' అట. రెండో పేరాకే తెలిసిపోయింది మీరేనని. సర్వే శాఖలో పటాలు గీసే రోజుల్లో కూడా మీరు లేని చోట చెట్టు గీసేవారు.

కొన్ని దిద్దుబాట్లు. నీలి గసగసాల పూలు కనిపించింది నాలుగో రోజు కాదు, ఆరో రోజు. లోయ మొదట్లో ఉన్న బౌద్ధుల మఠం పసుపుది కాదు, తెల్లది. మనలో మూడోవాడు రామచంద్ర దారి పొడుగునా పాడింది భజనలు కాదు, పడవవాళ్ళ పాటలు. ఒక్క వాక్యం మాత్రం ఒప్పుకుంటాను. 'ఆ లోయలో మా అడుగుల చప్పుడు మాకంటే ముందు నడిచేది' అన్నారు. నిజమే. హిమాలయాల్లో పదమూడు వేల అడుగుల ఎత్తు, చెట్టు లేదు, పిట్ట లేదు, రెండు పక్కలా బూడిదరంగు కొండలు. మాట్లాడితే ఎవరో వింటున్నట్టుండేది. మధ్యాహ్నాలు ముగ్గురం మాటలు మానేసి నడిచేవాళ్ళం.

పదకొండో రోజు ఏటి ఒడ్డుకు వచ్చేసరికి మీ వ్యాసం ఆగిపోయింది. అందుకు నేను కృతజ్ఞత చెప్పాలని ఎదురుచూస్తున్నారేమో.

అసలు విషయానికి వస్తాను. రామచంద్ర చెల్లెలు విద్యావతిని నేను పెళ్ళి చేసుకున్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఆ వ్యాసం ఆమె మా అమ్మాయి ప్రియకు చదివి వినిపించింది. అమ్మాయికి తెలుగు వినడమే గాని చదవడం రాదు. రాసిందెవరో సగంలో తెలిసి విద్యావతి పుస్తకం మూసేసింది. అన్నను కట్టిన తాడు వదిలేసినవాడి పేరు మా ఇంట్లో పలకరు. కాని అప్పటికే అమ్మాయి చెవిన పడవలసింది పడింది. ప్రియ ఒక కరెంటు కంపెనీలో ఈ రెండువేల సంవత్సరపు మరమ్మతు పని చేస్తోంది. జూలైలో అది అయిపోతుందట. ఆగస్టులో ఆ లోయకు నడిచి వెళ్ళి, మేనమామ పోయిన చోటు చూసి వస్తానంటోంది.

రాజేసింది మీరు కనుక ఆర్పవలసింది మీరే. ఆ దారి మిలిటరీవాళ్ళు మూసేశారనో, మరొకటో, ఆమెకు ఇంగ్లీషులో రెండు ముక్కలు రాయండి. అంతకు మించి ఒక్క అక్షరం అక్కర్లేదు.

ద్వారకానాథ్

*

సన్నీబ్యాంక్, బ్రిస్బేన్
2 మే 1999

ఒరే ద్వారకా,

'తాజుద్దీన్ గారికి' అని చూసి కరెంటాఫీసు నోటీసనుకున్నా. మా రహీమా లాక్కుని చూసి, "ఎవరండీ ఈ పెద్దమనిషి, ఉత్తరంలో కూడా కళ్ళెర్రజేస్తున్నాడు" అంది. మా క్లాస్‌మేటు అన్నాను. "ఆయనేనా" అని ఊరుకుంది. మా ఇంట్లో నీ పేరు పలుకుతూనే ఉంటాంలే.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తా. సర్వే ఉద్యోగం పోయాక గుంటూరులో కొన్నాళ్ళు, ఇక్కడ పాతికేళ్ళు. మసాలా దినుసుల కొట్టు. పక్కనే వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చేవాణ్ణి, ఇప్పుడవెవడూ అడగడం లేదు. కుడి మోకాలు వంగదు. కొడుకు ఫుర్కాన్ కూడా మీ అమ్మాయి చేసే పనే, ఒక బ్యాంకులో. ముప్ఫయ్యేళ్ళ కిందట ఎవరో చోటు కలిసొస్తుందని సంవత్సరంలో ముందు రెండంకెలు ఎగ్గొట్టారట. అప్పుడెవరికీ నష్టం కనపడలేదట. ఇప్పుడు గదిగదికీ తిరిగి వెతుకుతున్నారు, ఆ ఎగ్గొట్టింది ఎక్కడెక్కడుందో. 

నీ ఉత్తరం ఆలస్యంగా వచ్చింది. ప్రియ ముందే ఫోను చేసింది. సంఘంవాళ్ళ దగ్గర నంబరు తీసుకుందట. ఎంత ముచ్చటగా మాట్లాడిందనుకున్నావు! "తాజ్ అంకుల్, మీరు మా మామ బెస్ట్ ఫ్రెండ్ అంట కదా" అంది. ఆ మాట ఎవరైనా అని ముప్ఫయ్యెనిమిదేళ్ళయింది.

దారి మూసేశారని అబద్ధమాడదామనుకున్నాను, నీ ఉత్తరం రాకముందే. ఈలోగా ఆ పిల్ల తన ప్లాను చెప్పింది. నీ పాత ట్రంకులో నువ్వు శాఖకు రాసిన నివేదిక కార్బన్ కాపీ దొరికిందట. మొత్తం చదివిందట. "అంకుల్, రిపోర్ట్‌లో సిక్స్ ఏ.ఎం. అని ఉంది. అప్పుడు వాటర్ ఐస్ లాగా ఉంటుంది కదా, కాళ్ళు నంబ్ అయిపోయి పడిపోయుంటాడు. మేం ఆ మిస్టేక్ చెయ్యం. ఎండెక్కాక, లంచ్ చేసి నింపాదిగా దాటతాం." ఇద్దరు స్నేహితురాళ్ళతో వెళ్తుందట, తోడు మనిషిని పెట్టుకోరట. బ్లూ మౌంటెన్స్ అంతా నడిచాం, మాకు గైడెందుకు అంది.

నా చేతిలో ఫోను చెమటతో జారింది. "వద్దమ్మా, తెల్లారకముందే దాటు, ఎండెక్కితే ఒడ్డు దగ్గరికి పోనే పోవద్దు" అన్నాను. "బట్ అంకుల్, తెల్లారే కదా ఆయన పోయింది?" అంది.  తర్వాత మాట్లాడతానమ్మా అని పెట్టేశాను.

నువ్వు చెప్పాలిరా ద్వారకా. జూలై ఇరవై అయిదున ఆ పిల్ల విమానం.

నీ తాజ్

*

బ్లాక్‌టౌన్
20 మే 1999

తాజుద్దీన్‌కి,

మీ అబ్బాయి కంప్యూటర్ల కథలో నాకు నీతి చూపించనక్కర్లేదు. నేను చదివిన పుస్తకాలు మీ కొట్టులో పెడితే దినుసులకు చోటుండదు. ఎవడు ఎక్కడ సూది గుచ్చుతున్నాడో తెలుస్తుంది.

ఆ నివేదిక కింద మూడు సంతకాలున్నాయి. నాది, పై అధికారిది, మూడోది మీది. అప్పుడు కలం మొరాయించలేదే? అందులో రాసిన ప్రధానమైన వాక్యం ఇది: 'తాడు తాజుద్దీన్ చేతిలోనుంచి జారినది.' అబద్ధమా? జారలేదా? చెప్పండి.

నా మీద ఎవరెవరికి ఏమేం కోపాలున్నాయో నాకు తెలుసు. ఇక్కడి యూనివర్సిటీలో ఇరవై ఎనిమిదేళ్ళు చెప్పాను. నా కింద చదివినవాణ్ణి నా మీద ప్రొఫెసరును చేశారు. వీడ్కోలు సభలో వాడే నాకు గోడగడియారం ఇచ్చాడు. తెలుగువాళ్ళు పిలిచి వేదిక మీద కూర్చోబెట్టి, నా వంతు వచ్చేసరికి భోజనాలు మొదలుపెడతారు. ఈ మధ్య మా వీధికి వచ్చిన కంప్యూటర్ దంపతులు నన్ను 'అంకుల్, మీరు రిటైర్డ్ ఆ? టైమ్‌పాస్ ఎలా?' అని అడిగారు. అన్నీ మింగాను. చివరికి మీరు కూడా.

విద్యావతి నన్నెందుకు చేసుకుందో మీకు తెలియదు. అస్థికలు పట్టుకుని రేపల్లె వెళ్ళింది నేను. వాళ్ళ అమ్మ నా చెయ్యి వదల్లేదు. 'మా వాడి కోసం చివరిదాకా ఉన్నది నువ్వేరా' అంది. మూడేళ్ళకు పెళ్ళయింది. ఆ లోయ నుంచి తెచ్చిన ఒక నత్తశిల, రాయిగా మారిన నత్త, విద్యావతికిచ్చాను. సాలగ్రామమని పూజలో పెట్టుకుంది. ముప్ఫయ్యయిదేళ్ళుగా పాలతో అభిషేకం. నాకు మిగిలిందల్లా ఆ ఇల్లు, ఆ మనిషి. అది కూడా తీసేసుకోవాలనా?

అమ్మాయితో నేను మాట్లాడతాను. ప్రయాణమే మానిపిస్తాను. ఏ గంట అన్న ప్రశ్న రాదు.

ద్వారకానాథ్

*

సన్నీబ్యాంక్
6 జూన్ 1999

ద్వారకా,

మానిపించలేకపోయావు. నిన్న ప్రియ మళ్ళీ ఫోను చేసింది. "నాన్న ఊరికే స్క్రీమ్ చేస్తున్నారు అంకుల్, రీజన్ చెప్పరు" అంది. ఎవరి కూతురు మరి.

జారిందా అని అడిగావు. జారింది. ఆ సంగతి నాకు రోజూ గుర్తే. అరచేతిలో గీత ఇప్పటికీ ఉంది. అందుకే సంతకం పెట్టాను. తాడు వదిలేసినవాడు గంటల గురించి తగవులాడతాడట్రా? కాని నువ్వడిగావు కాబట్టి ఆ రోజు మొత్తం ఒకసారి రాస్తాను. ముప్ఫయ్యెనిమిదేళ్ళలో ఎవరికీ రాయలేదు.

తెల్లవారుజామున అయిదున్నరకు ఏటి దగ్గరకొచ్చాం. నీళ్ళు పిక్కల దాకా ఉన్నాయి. గుర్రాలవాడు నోర్బు గుడారాలు, తిండి, సామానంతా గుర్రాల మీద అవతలికి దాటించాడు. దాటేముందు ఆ ఎదుటి శిఖరం చూపించి, దాని మీద ఎండ పడకముందే మీరూ వచ్చెయ్యాలి అన్నాడు. మంచు కరిగి నీళ్ళొస్తాయన్నాడు. మనం ముగ్గురం నవ్వాం. కృష్ణ ఒడ్డున పెరిగినవాళ్ళం. వరదంటే మనకు తెలియదా? పైన మబ్బు పట్టాలి, వాన కురవాలి, ఎర్రనీళ్ళు రావాలి. మబ్బు తునకైనా లేని రోజున ఏరు పొంగుతుందని ఏ దివిసీమవాడు నమ్ముతాడు? నేనూ నవ్వాను, నీ ఒక్కడి తప్పనను.

అప్పుడు నువ్వు ఒడ్డు పక్కన నల్లరాతి చరియ చూశావు. సుత్తితో కొడితే ఒక్కో పలకలో ఒక్కో నత్త. "ఒక గంట" అన్నావు. నాయకుడివి నువ్వు. ఎనిమిదయింది. రామచంద్ర "ఇక పదరా, ఆకలేస్తోంది" అన్నాడు. "ఇలాంటి చరియ జన్మకొకసారి" అన్నావు. పది. పన్నెండు. అవతల నోర్బు గుర్రాల మీది సామాను దించేసి, మనకు వీపు పెట్టి కూర్చున్నాడు. ఈ రోజుకింతే, రేపు రండి అని దానర్థం. ముగ్గురికీ అర్థమైంది. రెండున్నరకు చూస్తే నీళ్ళు బూడిదరంగుకు తిరిగాయి, అడుగున బండలు దొర్లుతున్న చప్పుడు. గుడారం అవతల, మనం ఇవతల. ఒక్క రాత్రి చలిలో ముగ్గురం కరుచుకుని కూర్చుంటే చచ్చేవాళ్ళం కాదు. "కృష్ణలో ఇంతకు రెండింతలు ఈదాను, తాడు కట్టండి" అన్నాడు రామచంద్ర. నువ్వు "సరే" అన్నావు.

మిగిలింది నీకు తెలుసు. నేను ముందు, నా వెనక నువ్వు, తాడు మనిద్దరి చేతుల్లో. వాడు నడుము లోతుకు వెళ్ళి పడ్డాడు. నేను రాయికి కాలు తన్నిపెట్టాను. తాడు నన్ను లాక్కుపోయింది. మోకాలు అక్కడే విరిగింది. చెయ్యి వదిలింది.

మూడో రోజు కింద ఊళ్ళో దొరికాడు. చెట్టులేని ఊరు. చితికి ఇంటికొకరు ఒక్కో కట్టె తెచ్చి ఇచ్చారు, గుర్తుందా? పొయ్యిలోకి దాచుకున్న కట్టెలు.

ఆరు గంటలని నువ్వెందుకు రాశావో నాకు అప్పుడే తెలుసు. రెండున్నర అని రాస్తే, తెల్లవారి నుంచి అప్పటిదాకా నాయకుడేం చేస్తున్నాడని అడుగుతారు. ఆ రోజు ఏరిన సంచెడు రాళ్ళతోనే నీ డాక్టరేటు, ఆస్ట్రేలియా అన్నీ. పోనీలే అనుకున్నాను, బతికినవాడన్నా బాగుపడనీ అని. ఆ రాయి మీ పూజలో ఉందన్నావు. అది ఏ గంటకు దొరికిందో చెల్లెమ్మకు చెప్పావా?

నేను ప్రియకు చెప్పను. చెబితే 'తాడు వదిలినవాడు నెపం నాన్న మీద వేస్తున్నాడు' అనుకుంటుంది, నమ్మదు. కాబట్టి ఒక పని చేశాను. వీసాకు దరఖాస్తు పెట్టాను. ఆ పిల్ల కంటే ముందే వెళ్ళి ఆ ఏటి ఒడ్డున కూర్చుంటాను. ఎండెక్కాక వస్తే కాళ్ళు పట్టుకునైనా ఆపుతాను. రహీమా నెత్తి కొట్టుకుంటోంది. "బాత్‌రూమ్ మెట్టు ఎక్కలేడు, హిమాలయం ఎక్కుతాడట! ఆయనకు సిగ్గులేదు సరే, మీకు బుద్ధి లేదా" అంటోంది. రెండు తిట్లూ నిజమే.

తాజ్

*

బ్లాక్‌టౌన్
11 జూలై 1999

తాజూ,

వీసా రద్దు చేసుకో. ప్రియ తెల్లవారుజామునే దాటుతుంది. గుర్రాలవాణ్ణి మాట్లాడుకుంటుందట. నీ మోకాలికి ఆ చలి పనికిరాదు.

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. నాలుగు జవాబులు రాసి చింపాను. నాలుగూ బాగా రాశాను. నీ తర్కంలో ఎక్కడెక్కడ సందులున్నాయో అన్నీ చూపించాను. ఐదోది మొదలుపెట్టినప్పుడు, నువ్వు విరిగిన కాలు ఈడ్చుకుంటూ వెళ్ళి ఆ ఒడ్డున కూర్చున్నట్టు కళ్ళకు కట్టింది. నా కూతురి కోసం. నాకు నీ మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు.

నిన్న శనివారం మధ్యాహ్నం. విద్యావతి వంటింట్లో సున్నుండలు చుడుతోంది, అమ్మాయి ప్రయాణానికి. ప్రియ బల్ల మీద పటం పరుచుకుని, పక్కన నా నివేదిక పెట్టుకుని గీతలు గీస్తోంది. నేను నిలబడే చెప్పాను.

"ఏరు తెల్లారకముందే దాటాలి. ఎండ వచ్చాక దాటకూడదు."

"తాజ్ అంకుల్ కూడా అదే అన్నారు. వై? నాన్నా, మీరే రాశారు సిక్స్ ఏ.ఎం. అని. లుక్, ఇట్స్ రైట్ హియర్."

"అది తప్పు."

"తప్పు అంటే? టైపింగ్ మిస్టేకా?"

అవునంటే సరిపోయేది, చూశావా? పిల్ల తానే అందించింది. "కాదు, నేను మార్చి రాశాను" అన్నాను. "రెండున్నరకు దాటాడు."

విద్యావతి చేతులు ఆగలేదు. వెనక్కి తిరక్కుండానే అడిగింది. "తెల్లారగట్ల ఏటికొచ్చి, రెండున్నర దాకా ఏం చేశారు?"

"రాళ్ళు ఏరాను."

"మీరేరితే వాళ్ళెందుకు ఆగారు?"

"నేను ఆగమన్నాను."

 ప్రియకు సగమే అర్థమైనట్టుంది. వాళ్ళమ్మ ముఖం చూసి మిగిలింది పోల్చుకుంది. విద్యావతి అప్పుడు ఇటు తిరిగింది. చేతి నిండా నెయ్యి, పిండి.

"మరి తాజ్ ఒక్కడే లాగితే ఎట్లా ఆగుతుంది? ఇద్దరు పట్టుకోవాలిగా తాడు. మీరెక్కడున్నారు?"

ఇది నువ్వు నీ ఉత్తరంలో రాయలేదు. నీకు తెలియదు గనుక రాయలేదు. నువ్వు ముందున్నావు, నీ చూపంతా వాడి మీద ఉంది. 'తాడు మనిద్దరి చేతుల్లో' అని రాశావు. ఆ ముక్క చదివి ఆ పూట నేను అన్నం తినలేదు. మన ఇద్దరి చేతుల్లో లేదు తాజూ. వాడు పడగానే ఆ ఒడ్డు చరియ విరిగింది. నా పక్కనున్న రాళ్ళ సంచి నీళ్ళలోకి జారబోయింది. నేను సంచి పట్టుకున్నాను, రెండు చేతులతో. సంచి నిలిచాక తాడు కోసం తిరిగాను. అప్పటికి నువ్వు నీళ్ళలో ఉన్నావు, తాడు లేదు. నీ మోకాలు విరిగిందీ, నీ చెయ్యి వదిలిందీ వెనక మనిషి లేకనే. ఒక్కడు ఆపగలిగే బరువు కాదది. నీ తప్పు అణువంత లేదు. ముప్ఫయ్యెనిమిదేళ్ళు నీకు తెలియనివ్వలేదు. నీ చేతి మీద నువ్వే నేరం మోపుకుంటుంటే, నాకు అది సౌకర్యంగా ఉండేది.

ఇదంతా ఆమెకూ చెప్పాను, ఇవే మాటల్లో. తగ్గించలేదు, అలంకరించలేదు.

ఆమె ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. ఎన్నో నవలల్లో ఎన్నో విధాల చదివాను అలాంటి ఘట్టం. ఒక్కటీ పనికిరాలేదు. ఆమె మిగిలిన పిండి చుట్టేసింది. డబ్బా మూత పెట్టింది. చేతులు కడుక్కుని, "తాజ్ భార్య పేరేమిటి?" అంది. రహీమా అన్నాను. ప్రియ దగ్గర నంబరు తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళింది. మీ ఆవిడతో గంటసేపు మాట్లాడింది. తలుపు మూసే ఉంది. ఒకసారి మాత్రం "అన్నయ్యగారిని ఏమని తిట్టుకున్నానో ఆ దేవుడికే తెలుసు వదినా" అనడం వినపడింది. అన్నయ్యగారంటే నువ్వు.

ప్రియ నా ముందు నుంచి నివేదిక తీసుకుని, ఆరు కొట్టేసి పైన రెండున్నర అని రాసింది. "ఇట్స్ జస్ట్ సో దట్ ఇట్స్ కరెక్ట్, నాన్నా" అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. పటం చుట్టుకుని తన ఫ్లాటుకు వెళ్ళిపోయింది. వెళ్ళొస్తానని వాళ్ళమ్మకే చెప్పింది.

ఈ ఉత్తరం తపాలాలో వెయ్యడం లేదు. విద్యావతి రేపు మధ్యాహ్నం విమానంలో మీ ఊరు వస్తోంది. ఆమె చేతికే ఇస్తున్నాను, అంటించకుండా. చదువుకొమ్మన్నాను. "మీరు రాసింది ఇక చదవను, ఆయన నోట వింటాను" అంది. కాబట్టి అడిగినవన్నీ చెప్పు. వాడేం పాడాడో, ఏం తిన్నాడో, ఆకలేస్తోందని ఎన్నిసార్లన్నాడో. నా మీద జాలితో ఒక్కటీ తగ్గించకు. నీకు ఆ గుణం ఉంది.

ఆమెకు చలికి మోచేతులు పట్టేస్తాయి. మీ ఊళ్ళో చలి తక్కువంటారు, అయినా రహీమాను చూసుకోమను.

వెళ్ళడానికే టిక్కెట్టు కొన్నది. తిరుగు టిక్కెట్టు ఎప్పటికని నేను అడగలేదు.

ద్వారకానాథ్